84 ముక్కలకే నిండే ఓడ: ప్రాస్పరస్ యూనివర్స్‌లో నా గని

లారీ ఆఫీసులో కూర్చునేవాడికి మధ్యాహ్నం పూట తీరిక ఎక్కువ. లోడింగుకు పోవలసిన బండ్లు పదకొండు లోపే పోతాయి. సాయంత్రం నాలుగు దాటితే తప్ప ఫోన్లు మొదలుకావు. మధ్యలో వే బిల్లులు, డ్రైవర్ల అడ్వాన్సులు, ఫ్యాను గాలి. ఒంగోలు బైపాసు పక్కన మా ఆఫీసు. ఇరవై రెండేళ్లుగా చీమకుర్తి గ్రానైటు రాళ్లను కృష్ణపట్నానికీ, చెన్నైకీ పంపించడమే నా పని. నిరుడు వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు నా కంప్యూటర్లో ఒక ఆట తెరిచి, "మామయ్యా, ఇది అచ్చంగా మీ పనే. లారీల బదులు అంతరిక్ష ఓడలు ఉంటాయి, అంతే తేడా" అన్నాడు.

ఆట పేరు ప్రాస్పరస్ యూనివర్స్. తయారుచేసింది జర్మనీకి చెందిన సిమ్యులాజిక్స్. విమాన సంస్థలను నడిపించే ఎయిర్‌లైన్‌సిమ్ అనే ఆట కూడా వాళ్లదే. ఇందులో కాల్పులు లేవు, యుద్ధాలు లేవు, వింత జీవులు లేవు. బ్రౌజర్లో తెరుచుకుంటుంది. మిమ్మల్ని ఒక చిన్న కంపెనీకి యజమానిని చేసి, రెండు ఓడలు చేతికిచ్చి, ఒక గ్రహం మీద దింపి వెళ్లిపోతుంది. తవ్వుకుంటారో, పండించుకుంటారో, వండి అమ్ముకుంటారో మీ ఇష్టం. సంతలో బేరం దాదాపుగా మనలాంటి ఆటగాళ్ల మధ్యే. ఇంకో నక్షత్రానికి ఓడ పదహారు గంటల్లో చేరుతుందని తెర మీద ఉంటే నిజంగానే పదహారు గంటలు పడుతుంది. రాత్రి పంపి మర్నాడు చూసుకోవాలి. బండి నెల్లూరు దాటిందా లేదా అని ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నవాడిని కాబట్టి నాకు అది విసుగనిపించలేదు. మేనల్లుడు పది రోజులకే మానేశాడు. మానేశాడు గానీ సలహాలు ఇవ్వడం మానలేదు. నా కథలో సగం నష్టం ఆ సలహాల వల్లే.

తెర చూస్తే ఆటలా ఉండదు. నల్లటి నేపథ్యం, వరసలుగా అంకెలు, రెండు మూడు అక్షరాల పేర్లు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఏపెక్స్. మొదటి రోజు మా ఆవిడ వెనక నుంచి చూసి, "ఏమండీ, మళ్లీ షేర్లలో పెట్టారా?" అని కంగారు పడింది. నిజానికి ఆ అనుమానంలో న్యాయం ఉంది. బీఎస్‌ఈ అని కనిపిస్తే ఎవరికైనా బొంబాయి షేర్ మార్కెట్టే గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం అది భవనాలకు కావలసిన దూలాల్లాంటి సామాను. ఆర్‌ఏటీ అంటే ఎలుక కాదు, పనివాళ్లకు పెట్టే రేషను. డీడబ్ల్యూ తాగునీరు, ఎఫ్‌ఈఓ ఇనుప ఖనిజం, ఏఎల్‌ఓ అల్యూమినియం ఖనిజం. అన్నీ కంఠతా వచ్చేసరికి నాకు మూడు వారాలు పట్టింది. అదంతా ఒక కాగితం మీద రాసి వే బిల్లు పుస్తకం కింద పెట్టుకున్నాను. ఇంగ్లీషు తప్ప వేరే భాష తెలియనట్టు ఉండే ఆట ఇది. నా వయసు కళ్లకు ఫోనులో అక్షరాలు అసలు ఆనవు. పెద్ద తెర ఉంటేనే కూర్చోండి.

ఆట మొత్తం మీద నేను రాయదలచుకున్నది ఒక్క విషయం గురించి: ముడిసరుకు కంపెనీ పెట్టాలంటే ఏ గ్రహం మీద పెట్టాలి? కొత్తగా చేరినవాళ్లు అందరూ తట్టుకుని పడే గడప ఇదే. నేను పడ్డాను, దెబ్బ బాగానే తగిలింది.

నా మొదటి స్థావరం ప్రోమిటార్ అనే గ్రహం మీద. అది సేద్యానికి పనికొచ్చే నేల, పక్కనే హోర్టస్ సంత. అంతరిక్షంలో ఇలాంటి పెద్ద సంతలు కొన్ని ఉన్నాయి: బెంటెన్, మోరియా, ఆంటారెస్, హోర్టస్ అందులో పాతవి. నాలుగింటికీ నాలుగు రకాల డబ్బు. ప్రోమిటార్‌లో పొలాలు వేసి, రేషను తయారుచేసి, హోర్టస్‌లో అమ్ముకుంటూ మూడు నెలలు నెమ్మదిగా గడిపాను. రెండో నెల నుంచి చందా కూడా కట్టాను. కట్టకుండా ఆడవచ్చు, కాకపోతే కొన్ని పరిమితులు ఉంటాయి. కంపెనీ మొదట్లోనే రెండు స్థావరాలకు అనుమతి ఉంటుంది. రెండోదాన్ని గని కోసం అట్టే పెట్టుకున్నాను. కాస్త డబ్బు కూడగానే ఇనుము వెతకడం మొదలుపెట్టాను. ఇనుమే ఎందుకంటే, నాకు తెలిసిన వ్యాపారాలన్నీ బరువైన సరుకుతోనే నడిచాయి కాబట్టి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ప్రతి గ్రహానికీ ఒక వివరాల పట్టిక ఉంటుంది. అందులో ఏ ఖనిజం ఉంది, ఎంత శాతం ఉంది, గాలి ఒత్తిడి ఎంత, వేడి ఎంత, ఆకర్షణ ఎంత, నేల సారం ఎంత అన్నీ కనిపిస్తాయి. గట్టి ఖనిజమైతే ఎక్స్‌ట్రాక్టర్, ద్రవమైతే రిగ్, వాయువైతే కలెక్టర్ కట్టాలి. లెక్క సులువు. ఖనిజానికైనా ద్రవానికైనా ఒక్కో శాతానికి రోజుకు 0.7 చొప్పున వస్తుంది. వాయువుకైతే 0.6. అంటే 30 శాతం ఇనుము ఉన్న గ్రహం మీద ఒక ఎక్స్‌ట్రాక్టర్ రోజుకు 21 ముక్కలు తవ్వుతుంది, పనివాళ్లకు అన్నీ సరిగ్గా అందితే. ఆ లెక్క చూసినవాడు ఎవడైనా ఏం చేస్తాడు? పట్టికను శాతం ప్రకారం పేర్చుకుని, పైనున్న గ్రహాన్ని పట్టుకుంటాడు. నేనూ అంతే చేశాను. 30 శాతం గ్రహం ఒకటి దొరికింది. పేరు చెప్పను, అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. మేనల్లుడికి ఫోను చేస్తే, "ముప్పై శాతమా? కళ్లు మూసుకుని పెట్టేయండి మామయ్యా" అన్నాడు. కళ్లు మూసుకునే పెట్టాను.

ఆరు ఎక్స్‌ట్రాక్టర్లు. ఒక్కోదానికి 60 మంది పనివాళ్లు, మొత్తం 360 మంది. ఒక్కో నివాసంలో వందమంది ఉంటారు కాబట్టి నాలుగు నివాసాలు. స్థావరానికి 500 గదుల స్థలం ఉంటుంది. మూల భవనానికి 25, ఎక్స్‌ట్రాక్టర్లకు 150, నివాసాలకు 40 పోగా సగానికి పైగా ఇంకా ఖాళీ. రాతి నేల మీద కట్టాలంటే ప్రతి గదికీ ఎమ్‌సీజీ అనే గుండ రాయి కావాలి. అది తెలుసు, మోసుకుపోయాను. ఆ గ్రహం మీద గాలి పల్చన. గాలి పల్చనైతే ప్రతి భవనానికీ ఒత్తిడి ఆపే సీలు సామాను వేరుగా కావాలి. పట్టికలో అది ఉంది, నేనే చూడలేదు. ఓడ దిగాక, కట్టే బొత్తాం నొక్కితే నొక్కనివ్వలేదు. మళ్లీ హోర్టస్‌కు ఒకటిన్నర రోజు, సామాను కొని మళ్లీ ఒకటిన్నర రోజు. చలి గ్రహమైతే వేడి నిలిపే సామాను, మరీ వేడైతే ఇంకోటి, ఆకర్షణ తక్కువైతే ఒకటి, ఎక్కువైతే ఒకటి. ఏదైనా గ్రహం మీద శాతం మరీ ఊరిస్తోంది అంటే, దాని పక్కనున్న వేడి, ఒత్తిడి అంకెలను ఒకటికి రెండుసార్లు చూడండి. మంచి గని మంచి ఊళ్లో ఉండటం అరుదు.

సరే, కట్టాను. తవ్వకం మొదలైంది. రోజుకు 126 ముక్కలు. మొదటి సాయంత్రం ఆ అంకె పెరుగుతుంటే మా ఆవిడను పిలిచి మరీ చూపించాను.

మూడో రోజు ఉదయం చూస్తే గని ఆగిపోయి ఉంది. రేషను ఉంది, నీళ్లున్నాయి, భవనాలు కొత్తవే. గంట సేపు అన్నీ వెతికాక కనిపించింది: గిడ్డంగి నిండిపోయింది. స్థావరంలో 1500 టన్నులు పడతాయి. ఇనుప ఖనిజం ఒక్క ముక్క బరువు 5.9 టన్నులు. అంటే 254 ముక్కలకే గిడ్డంగి బరువు తీరిపోయింది. రెండు రోజుల తవ్వకం.

అప్పుడు ఓడ వైపు చూశాను. ఓడ 500 టన్నులు, 500 ఘనపు మీటర్లు మోస్తుంది. 84 ముక్కలు వేస్తే 495.6 టన్నులు. ఎనభై అయిదోది ఎక్కదు. కానీ ఒక్కో ముక్క ఒక్క ఘనపు మీటరే కాబట్టి ఓడలో 84 ఘనపు మీటర్లే నిండాయి. మిగతా 416 బోసిగా ఉన్నాయి. తెర మీద రెండు గీతలు ఉంటాయి, ఒకటి బరువుకు, ఒకటి చోటుకు. బరువు గీత చివరికంటా నిండిపోయింది, చోటు గీత అడుగున ఎక్కడో కాస్త రంగు పూసినట్టు ఉంది.

ఆ రెండు గీతలు చూడగానే నన్ను నేనే తిట్టుకున్నాను. ఇరవై రెండేళ్లుగా నేను చూస్తున్నది అదే కదా. చీమకుర్తి రాయి ఘనపు మీటరు మూడు టన్నులకు కాస్త అటూఇటూగా తూగుతుంది. ఏడు ఘనపు మీటర్ల రాయి ఎక్కిస్తే ఇరవై టన్నులు. బండి మీద చూస్తే ఆ రాయి ట్రేలో మధ్యన ఒంటరిగా కూర్చుని ఉంటుంది, ముందూ వెనకా అంతా ఖాళీ. దారిన పోయేవాళ్లు, ఇంత పెద్ద లారీకి ఇంత చిన్న రాయా అనుకుంటారు. కాటా ఎక్కించి చీటీ తీస్తే గానీ సంగతి తెలియదు. కొత్తగా వచ్చిన పార్టీ ఎవరైనా, ఖాళీ ఉంది కదా ఇంకో చిన్న రాయి వేయించండి అంటే, చీటీ వాళ్ల చేతికిచ్చి చదవమనేవాడిని. అంతటి అనుభవశాలిని అంతరిక్షానికి వెళ్లేసరికి శాతం చూసి మోసపోయాను.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. ఒకటిన్నర రోజు పోను, ఒకటిన్నర రోజు రాను. రెండు ఓడలనూ ఆ దారికే కేటాయించినా మూడు రోజులకు 168 ముక్కలు, రోజుకు 56. గని తవ్వగలిగేది 126. అంటే సగానికి పైగా సమయం నా ఆరు ఎక్స్‌ట్రాక్టర్లూ గిడ్డంగి ఖాళీ అవడం కోసం చేతులు కట్టుకుని నిలబడతాయి. పనివాళ్లు మాత్రం నిలబడినా తింటారు. 360 మందికి రోజుకు 14 పైచిలుకు తాగునీళ్లు, అంతే రేషను, దాదాపు రెండు పనిబట్టలు. కాఫీ లాంటి పై ఖర్చులు నేను ఇవ్వలేదు. రోజుకు 56 ముక్కలు రావడానికి ఆరు ఎక్స్‌ట్రాక్టర్ల మీద ఎంత శాతం ఉంటే చాలు? పదమూడు, పదమూడున్నర. నా 30 శాతం గ్రహం నాకు పదమూడు శాతం గ్రహంగానే పనిచేస్తోంది. సంతకు ఆనుకుని 14 శాతం గ్రహం ఏదైనా ఉండి ఉంటే, అంతకంటే మెరుగ్గా బతికేవాడిని. సీలు ఖర్చు కూడా ఉండేది కాదేమో.

నేను ఈ ఆటను మెచ్చుకునేది ఇక్కడే. ఇలాంటి ఆటల్లో చాలావరకు గని అంటే ఒక బొమ్మ. నొక్కితే బంగారం రాలుతుంది. అక్కడ నుంచి సంతకు అది ఎలా చేరిందో ఎవరికీ పట్టదు. ఇక్కడ మాత్రం ప్రతి సరుకుకీ బరువు వేరు, చోటు వేరు. అందుకే ఏ గ్రహం మంచిది అనే ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ఏ సరుకు అని కూడా అడగాలి. సున్నపురాయి ముక్క 2.73 టన్నులు. సిలికాన్ ఖనిజం 1.79. అల్యూమినియం ఖనిజం 1.35. నీళ్లయితే 0.2 టన్నులే, చోటూ 0.2 ఘనపు మీటర్లే. ఒక్క ఓడలో 2500 నీళ్లు పడతాయి. ఇదంతా ఎవరూ దాచి ఉంచరు, సరుకు పేరు నొక్కితే కనిపిస్తుంది. చూడాలన్న బుద్ధే మనకు ఆలస్యంగా పుడుతుంది.

అక్కడే కరిగించి లోహం చేసి పంపితే బరువు తగ్గుతుంది కదా అని మీరు అడగవచ్చు. మేనల్లుడూ అదే అడిగాడు. ఈసారి కాగితం తీసుకుని కూర్చున్నాను. కొలిమిలో ఆరు ఇనుప ఖనిజాలు, ఒక కార్బన్, ఒక ఆక్సిజన్ వేస్తే మూడు ఇనుములు వస్తాయి. ఆరు ఖనిజాలు 35.4 టన్నులు, మూడు ఇనుములు దాదాపు 23.6 టన్నులు. మూడో వంతు బరువు దారిలో మిగిలినట్టే. చీమకుర్తి చుట్టూ కోత, పాలిషు యూనిట్లు ఎందుకు పుట్టుకొచ్చాయంటే ఇందుకే. పారేయబోయే ముక్కకు కిరాయి ఎవడు కడతాడు? కానీ కార్బన్, ఆక్సిజన్ అక్కడికి మోసుకుపోవాలి, కొలిమికి మళ్లీ మనుషులు, మళ్లీ నివాసాలు, మళ్లీ సీలు సామాను. అల్యూమినియం సంగతి ఇంకా తమాషా. ఆరు ఖనిజాలు 8.1 టన్నులు, వాటి నుంచి వచ్చే మూడు అల్యూమినియంలూ సరిగ్గా 8.1 టన్నులే. గని దగ్గర కరిగిస్తే కిరాయిలో పైసా కలిసిరాదు. చోటు తగ్గుతుంది గానీ, నాకు ఇరుకైనది చోటు కాదు. కాబట్టి అల్యూమినియం తవ్వేవాడు కొలిమిని సంత దగ్గర పెట్టుకున్నా ఒకటే. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

దూరం అయినా ఒక్కోసారి తప్పదని నాకూ తెలుసు. విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు. బైలదిల్ల ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు దారిలో కొండలు దిగి వస్తుంది. కానీ వాళ్లకు రైలు ఉంది. నాకు రెండు ఓడలు ఉన్నాయి.

లారీ ఆఫీసువాడు కనిపెట్టగలిగినది ఇంకొకటి ఉంది, రిటర్న్ లోడు. చెన్నై పోయిన బండి ఖాళీగా తిరిగొస్తే ఆ ట్రిప్పులో మిగిలేది డీజిలు బిల్లే. అక్కడి నుంచి ఏదో ఒకటి ఎక్కించుకుని రావాలి. గనికి పోయే ఓడ కూడా అంతే. పోయేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు భారం. నేను రేషను ప్రోమిటార్‌లోనే తయారుచేస్తాను కాబట్టి, పోయేటప్పుడు రేషను, తాగునీరు, పనిబట్టలు ఎక్కించి, వచ్చేటప్పుడు ఖనిజం తెస్తున్నాను. కాబట్టి గని ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నలో సగం, గనివాళ్ల తిండి ఎక్కడ నుంచి వస్తుంది అన్నదే. రెండు స్థావరాలూ ఒకే సంతకు రెండు పక్కల ఉంటే ఓడ ఏ దారిలోనూ ఊరికే తిరగదు. ఇంధనం కూడా ఆలోచించుకోవాలి. ఓడలకు రెండు రకాల ఇంధనం: గ్రహం దగ్గర తిరగడానికి ఒకటి, నక్షత్రాల మధ్య దూకడానికి ఒకటి. చిన్న గ్రహాల మీద అవి దొరుకుతాయని నమ్ముకోకుండా, రాకపోకలకు సరిపడా సంతలోనే నింపుకుని బయలుదేరండి.

ఇనుప గనిని నాలుగు నెలలు లాగాను. ఆ తరవాత పడగొట్టేశాను. పడగొడితే కట్టిన సామాను కొంత తిరిగి వస్తుంది, అంతా రాదు. కంపెనీ మొత్తం మూసేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఆజ్ఞ కూడా ఉంది. చాలామంది కొత్తవాళ్లు దాన్నే వాడతారు. నాకు మనసు ఒప్పలేదు. నష్టంలో ఉన్న ఆఫీసుకు తాళం వేసి వేరే పేరుతో బోర్డు పెట్టేవాళ్లను మా రంగంలో చాలామందిని చూశాను.

రెండోసారి పట్టికను శాతం ప్రకారం పేర్చలేదు. ముందు హోర్టస్ నుంచి సగం రోజులో చేరే గ్రహాలను మాత్రమే రాసుకున్నాను. వాటిలో వేడి, ఒత్తిడి మామూలుగా ఉన్నవాటిని ఉంచి మిగతావి కొట్టేశాను. ఆటగాళ్లు తయారుచేసి ఉచితంగా పెట్టిన ప్రన్‌ప్లానర్ అనే సాధనం ఈ పనికి బాగుంది. స్థావరం కట్టకముందే ఖర్చు, రాబడి, తిండి లెక్కలు అందులో చూసుకోవచ్చు. మొదటిసారి అది ఉందని తెలియక కాదు, అవసరమని అనిపించక వాడలేదు. చివరికి మిగిలింది 20 శాతం అల్యూమినియం ఉన్న ఒక మామూలు గ్రహం. రాతి నేల, ఎమ్‌సీజీ తప్ప వేరే సామాను అక్కరలేదు.

దాని మీద నాకు ఆశ పుట్టించింది ఇంకో సంగతి. ఆటగాళ్లు అభివృద్ధి చేసుకున్న గ్రహాల మీద ఛాంబర్ ఆఫ్ గ్లోబల్ కామర్స్ అని ఒకటి ఉంటుంది. అక్కడ స్థావరం ఉన్నవాళ్లు ఓటు వేసి, ఏదో ఒక పరిశ్రమకు ప్రోత్సాహం ఇచ్చుకుంటారు. ఆ పరిశ్రమకు ఉత్పత్తి 25 శాతం పెరుగుతుంది. ఈ గ్రహం మీద ఓట్లు తవ్వకానికి పడ్డాయి. ఒక్కో ఎక్స్‌ట్రాక్టర్‌కు 14 రావలసింది 17.5 వస్తోంది. ఆరింటికి రోజుకు 105 ముక్కలు, దాదాపు 142 టన్నులు. ఒక ఓడ నిండటానికి మూడున్నర రోజులు. అంటే వారానికి రెండు ట్రిప్పులు, అదీ ఒక్క ఓడతో. రెండో ఓడ ప్రోమిటార్ పనులకు మిగిలింది. ఓడలో 370 ముక్కలు పడతాయి, చోటు గీత కూడా చూడముచ్చటగా నిండుతుంది.

అయితే ఓట్లు మారతాయి. ఎన్నికైన గవర్నరు పరిశ్రమల మీద రుసుము పెంచవచ్చు. గ్రహం ఎంచుకునేటప్పుడు అక్కడి ఇరుగుపొరుగు ఏం చేస్తున్నారో చూడటం అందుకే. అందరూ తవ్వేవాళ్లే అయితే ఓటు మీవైపే ఉంటుంది, కానీ సంతలో ధర మీద అందరూ కలిసే పడతారు. నా చుట్టూ తవ్వేవాళ్లు తొమ్మిదిమంది ఉన్నారు, కొలిమివాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకాయన సంతదాకా పోనక్కరలేకుండా నా దగ్గరే కొంటున్నాడు. ఏ దేశంవాడో తెలియదు. రాత్రి రెండింటికి బేరం పంపిస్తాడు, నేను పొద్దున ఒప్పుకుంటాను.

ఎవరికి నచ్చుతుంది ఈ ఆట? బండి బయలుదేరాక దాని గురించి ఆలోచించడం ఇష్టమైనవాళ్లకు. రోజుకు పది నిమిషాలు, వారానికి ఒకసారి గంట కాగితం లెక్క చాలు. కూర్చుని ఏకబిగిన ఆడాలనుకునేవాళ్లకు మాత్రం నచ్చదు, చేయడానికి అంత పని ఉండదు. మా మేనల్లుడిలాగా పది రోజుల్లో ఫలితం చూడాలనుకునేవాళ్లూ ఇటు రాకపోవడమే మంచిది. పిల్లలకు ఇవ్వవచ్చా అని మా పక్క షాపు ఆయన అడిగాడు. లెక్కల మీద ఇష్టం ఉన్న పదో తరగతి పిల్లలకు ఇవ్వవచ్చు, కానీ పరీక్షల ముందు వద్దు. ఓడ తెల్లవారుజామున చేరుతుందంటే వాళ్లు అలారం పెట్టుకుంటారు. నేనే పెట్టుకున్నాను. "లేని ఓడ కోసం నాలుగింటికి లేచారా?" అని మా ఆవిడ అడిగినదానికి ఇంతవరకు సరైన జవాబు చెప్పలేకపోయాను.

మొన్న దసరాకు వచ్చినప్పుడు మేనల్లుడు అడిగాడు, ఇనుము గని ఏమైందని. పడగొట్టానని చెప్పాను. "ముప్పై శాతం గనిని పడగొట్టారా!" అని నెత్తి కొట్టుకున్నాడు. వాడికి వివరించలేదు. ఆఖరి ట్రిప్పులో తెచ్చిన 84 ముక్కల్లో 60 అమ్మేశాను. ఇరవై నాలుగు హోర్టస్ గిడ్డంగిలో అలాగే ఉన్నాయి. వాటికి వారం వారం అద్దె కడుతున్నాను.